ఎట్నా బియాంకో పుల్లగా ఉంది, అడుగున పలుకులున్నాయి, పాడైందా అని అడిగినవారికి

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. మీ బావ ఇటలీ నుంచి వస్తూ రెండు ఎట్నా బియాంకో బాటిళ్ళు తెచ్చారు (సిసిలీ ద్వీపంలో ఎట్నా అగ్నిపర్వతం వాలుల మీద పండే ద్రాక్షతో చేసే వైట్ వైన్ అది), ఒకటి తెరిచారు, ఫ్రిజ్‌లోంచి తీసి తీయగానే తాగితే చక్కెర వెయ్యడం మర్చిపోయిన నిమ్మకాయ నీళ్ళలా పుల్లగా ఉంది, మింగాక నోట్లో ఉప్పగా అనిపించింది, బాటిల్ అడుగున పంచదార పలుకుల్లాంటివి కనిపించాయి. ఇది పాడైందా, లేకపోతే అగ్నిపర్వతం మీద పండింది కాబట్టి ఆ రాళ్ళ రుచి దిగిందా, మిగతా సగం పారబోయాలా, రెండోది ఏం చెయ్యాలి అన్నారు.

పారబోయకండి. మీరు చెప్పిన మూడు లక్షణాల్లో ఒక్కటి కూడా పాడైన వైన్‌ది కాదు, మూడూ ఆ వైన్ సరిగ్గా ఉందని చెప్పేవే. నేను పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్నా, మొదట హైదరాబాద్‌లో ఒక హోటల్ బార్‌లో, తర్వాత ఇటలీలో, అందులో నాలుగేళ్ళు సిసిలీలోని కటానియాలో ఒక రెస్టారెంట్లో వైన్ అంతా నేనే చూసుకునేవాణ్ణి. వీక్లీ ఆఫ్ రోజున బస్సెక్కి ఎట్నా కొండ మీదికి పోవడమే నా పని. అందుకే ఈ వైన్ గురించి ఎవరైనా పాడైందేమో అంటే నాకు ఆగదు, కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ పలుకుల సంగతి, ఎందుకంటే జనం భయపడేది దానికే, గాజు ముక్కలేమో అనుకుని బాటిల్ వాపస్ పంపినవాళ్ళని కూడా చూశా. మన చింతపండులో పులుపు ఏంటో తెలుసా, టార్టారిక్ ఆసిడ్. ద్రాక్షలో ఉండే పులుపులో కూడా పెద్ద భాగం అదే. ద్రాక్షలో ఉండే పొటాషియంతో అది కలిసి, చల్లదనం తగిలినప్పుడు గట్టిపడి అడుక్కి దిగుతది, అదే మీరు చూసిన పలుకు. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల వాళ్ళు బాటిల్లో పొయ్యకముందే వైన్‌ని బాగా చల్లబరిచి ఈ పలుకులన్నీ ముందే తీసేస్తారు, చూడ్డానికి శుభ్రంగా ఉంటది. చిన్న రైతులు చాలామంది ఆ పని చెయ్యరు. రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి నాలుక మీద వేసుకుని చూడండి, చింతపండు తెలుస్తది. దాంతో ఏ నష్టం లేదు, చివరి గుక్క గ్లాసులో వంచకుండా బాటిల్లోనే వదిలేస్తే చాలు.

ఇప్పుడు అసలు పులుపు. ఎట్నా బియాంకోలో ముఖ్యమైన ద్రాక్ష పేరు కర్రికాంతే, ఎట్నా కొండ వాలుల మీద వందల ఏళ్ళుగా ఉన్న లోకల్ రకం, బయట ఎక్కడా పెద్దగా కనపడదు. రూల్ ప్రకారం ఎట్నా బియాంకో అని రాయాలంటే కనీసం 60 శాతం కర్రికాంతే ఉండాలి, మిగతాదాంట్లో ఎక్కువగా కతర్రాత్తో అనే ఇంకో సిసిలీ రకం కలుపుతారు, కొన్ని పాత తోటల్లో మిన్నెల్లా అని ఒకటి కూడా అక్కడక్కడా కనిపిస్తది. కర్రికాంతే అనే పేరు ఇటాలియన్‌లో బరువు ఎక్కించడం అనే మాట నుంచి వచ్చిందంటారు, చెట్టు మీద అంత కాయ పడతదని. నాకు ఈ పేరు విన్నప్పుడల్లా మా తాత గుర్తొస్తాడు. ఆయన మేడ్చల్ వైపు అనాబ్-ఎ-షాహీ తోట పెట్టాడు, అదీ ఇలాగే, పందిరి కింద తల వంచుకుని నడవాలి, అంత గుత్తులు వేలాడేవి, కాయ మరీ ఎక్కువైతే తీపి రాదు అని తాత కొన్ని గుత్తులు పచ్చిగా ఉండగానే కత్తిరించి పడేసేవాడు, మేం పిల్లలం ఏడ్చేవాళ్ళం. ఎట్నా మీద 'మీలో' అనే ఊళ్ళో ఒక పెద్దాయన ఆగస్టులో సరిగ్గా అదే పని చేస్తుంటే చూశా, కత్తెర పట్టుకున్న తీరు కూడా అదే.

అయితే ఒక తేడా ఉంది. అనాబ్-ఎ-షాహీ మనం తినే ద్రాక్ష, తీపి కావాలి. కర్రికాంతే చెట్టున ఎన్ని రోజులుంచినా పులుపు వదలదు. దాంట్లో టార్టారిక్‌తో పాటు మాలిక్ ఆసిడ్ కూడా గట్టిగా ఉంటది, అది పచ్చి ఆపిల్ కొరికితే పళ్ళు జివ్వుమనే పులుపు. పీహెచ్ చూస్తే 3 దగ్గర్లో ఉంటది, వైన్‌కి అది బాగా పులుపు కింద లెక్క. పాతకాలం రైతులు దీనికో మార్గం కనిపెట్టారు. అక్టోబర్‌లో కోసి పిండిన రసం పులిసి వైన్ అయ్యాక, అడుగున దిగిన ఈస్ట్ మడ్డి తీసెయ్యకుండా చలికాలమంతా పీపాలో అలాగే వదిలేసేవాళ్ళు, మార్చి ఏప్రిల్‌లో ఎండ పెరిగేసరికి లోపలున్న బాక్టీరియా లేచి ఆ పచ్చి ఆపిల్ పులుపుని పెరుగు పులుపు కింద మార్చేది. నిజంగా పెరుగులో ఉండే లాక్టిక్ ఆసిడే అది. మన ఇంట్లో తోడు పెట్టిన పాలల్లో జరిగే పనిలో ఉండే జీవాలకి చుట్టాలే ఇవి కూడా. ఇప్పుడు కొందరు ఆ మార్పు జరగనిస్తారు, కొందరు ఆపేసి పదునుగానే ఉంచుతారు. మీ బాటిల్ రెండో రకం అయ్యుంటది, అందుకే మొదటి గుక్కకి అంత జివ్వుమంది.

ఇక అగ్నిపర్వతం రుచి. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, వైన్ అమ్మేవాళ్ళు చాలామంది ఒప్పుకోరు. లావా రాయి కరిగి వేర్ల గుండా కాయలోకి వచ్చి వైన్‌లో రుచిగా దిగుతదనేది నిజం కాదు. చెట్టు నేల నుంచి నీళ్ళతో పాటు పొటాషియం, మెగ్నీషియం లాంటివి తీసుకుంటది, అవి చెట్టుకి కావాల్సినవే, కానీ వైన్‌లో చివరికి మిగిలేది మన నాలుకకి విడిగా తెలిసేంత ఉండదు, పైగా రాయికి అసలు రుచే ఉండదు. అలెక్స్ మాల్ట్‌మన్ అనే జియాలజిస్ట్ చాలా ఏళ్ళుగా ఇదే మాట చెప్తూ వచ్చారు. నేను దీన్ని మనవాళ్ళకి ఇంకోలా చెప్తా. నాసిక్ ద్రాక్షతోటలు ఎక్కడున్నాయి? దక్కన్ లావా మీద. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కింద పొరలు పొరలుగా పారి గట్టిపడ్డ బసాల్ట్ అది, తెలంగాణ పడమటి అంచున వికారాబాద్, జహీరాబాద్ వైపు మనం చూసే నల్లరేగడి కూడా ఆ రాయి నుంచి వచ్చిందే. ఎట్నా రాయి కూడా చాలావరకు బసాల్ట్ జాతిదే. రాయి రుచే వైన్‌లోకి వస్తే నాసిక్ వైట్ వైన్ కూడా ఎట్నాలా ఉప్పగా సన్నగా ఉండాలి కదా, ఉండదు. ఒకచోట ఆ రాయి కోట్ల ఏళ్ళు ఎండకీ వానకీ చివికి నీళ్ళు పట్టుకునే జిగురు మట్టి అయింది, ఇంకోచోట నిన్నమొన్న పడ్డ ఇసుకలాగే ఉంది. తేడా అంతా అక్కడుంది.

బాటిల్ తెరవగానే చెకుముకి రాయి కొట్టినట్టు సన్నటి పొగ వాసన వస్తది చూశారా, దాన్ని కూడా అందరూ గంధకం, అగ్నిపర్వతం అంటారు. అది రసం పులిసేటప్పుడు ఈస్ట్ పనివల్ల పుట్టే సల్ఫర్ కాంపౌండ్స్ వాసన. ఫ్రాన్స్‌లో సున్నపురాయి నేలల్లో చేసిన వైట్ వైన్లలో కూడా వస్తది, అక్కడ ఏ అగ్నిపర్వతం పేలలేదు. ఉప్పగా అనిపించడం కూడా చాలావరకు ఆ పులుపూ, తీపి అస్సలు లేకపోవడమూ, ఆల్కహాల్ తక్కువుండడమూ కలిసి నాలుక మీద చేసే పనే.

మరి కొండకి ఏ సంబంధం లేదా అంటే, అంతా కొండదే. కాకపోతే రుచి చెట్టులోకి ఎక్కించి కాదు, చెట్టు బతికే తీరుని మార్చి.

మీరు ఎప్పుడన్నా వెళ్తే నేను ఇందాక చెప్పిన ఆ 'మీలో' ఊరికి వెళ్ళండి. ఎట్నా తూర్పు వాలు మీద సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంటది, తోటలు ఇంకా పైకి 900 దాకా ఎక్కుతాయి. తోట మధ్యలో నిలబడి ఒకవైపు తల తిప్పితే నెత్తి మీద 3,300 మీటర్లు దాటిన కొండ, నోట్లోంచి పొగ వదుల్తూ, ఇంకోవైపు తిప్పితే కింద అయోనియన్ సముద్రం, గీత గీసి కొలిస్తే పది కిలోమీటర్లు కూడా ఉండదు. సముద్రం మీద నుంచి వచ్చే తేమ గాలి ఈ గోడకి కొట్టుకుని వానగా పడతది, అందుకే సిసిలీ అంటే ఎండిపోయిన దేశం అనుకునేవాళ్ళకి మీలో ఆశ్చర్యంగా ఉంటది, ఆ ద్వీపంలో బాగా వాన పడే చోట్లలో అదొకటి. ఎర్ర ద్రాక్షకి అంత తేమ పడదు, ఆలస్యంగా పండే నెరెల్లో మాస్కలేసే అనే ఎర్ర రకం ఇక్కడ సరిగా పండదు, అందుకే రెడ్ వైన్ అంతా ఉత్తరం వైపు రందాత్సో, కస్తిల్యోనే దగ్గర పెట్టుకున్నారు, ఇక్కడ మాత్రం కర్రికాంతే. పడమటి వైపు బ్రోంతే ఊరి దగ్గర అయితే ద్రాక్ష వదిలేసి పిస్తా తోటలే. కొండ ఒకటే, వైపుకో పంట.

అంత వాన పడితే చెట్లు కుళ్ళాలి కదా అనే అనుమానం నాకూ వచ్చింది. మొదటిసారి వెళ్ళినప్పుడు రాత్రంతా కుండపోత, పొద్దున్నే బూట్లు బురదలో కూరుకుపోతాయని భయపడుతూ దిగా. బురద లేదు. కాలు పెడితే కరకరమని చప్పుడు, మరమరాల మీద నడిచినట్టు. వంగి గుప్పెడు తీసుకున్నా, నల్లగా, గుల్లగా, చిన్న చిన్న రాళ్ళు, శనగ గింజంత, కొన్ని ఇంకా చిన్నవి, ఒక్కోదానికి బోలెడు బొక్కలు, చేతిలో బరువే లేదు. కొండ పేలినప్పుడు గాల్లోకి లేచి పడిన నురగ రాయి అది, అక్కడివాళ్ళు రిపిద్దు అంటారు. పైన తడి కూడా ఆరిపోయింది, వేలు లోపలికి గుచ్చితే జానెడు కింద చల్లగా తడి. నీళ్ళు నిలవవు, కిందికి పోతాయి, వేరు వాటి కోసం లోపలికి పోవాల్సిందే. ఆ గుప్పెడు చాలాకాలం నా గది కిటికీలో గ్లాసులో పెట్టుకున్నా.

ఆ ఇసుక చేసిన ఇంకో మేలు ఉంది. 19వ శతాబ్దం చివర్లో ఫిలాక్సెరా అనే వేరు పురుగు యూరప్ ద్రాక్షనంతా చంపేసింది, సిసిలీని కూడా వదల్లేదు, ఆ తర్వాత ప్రపంచమంతా అమెరికా వేరు మీద యూరప్ కొమ్మ అంటు కట్టి నాటడం మొదలైంది. ఆ పురుగు జిగురు మట్టిలో పగుళ్ళల్లోంచి పాకుతది, వదులు ఇసుకలో పాకలేదు. అందుకే ఎట్నా మీద కొన్ని చోట్ల అంటు కట్టని, సొంత వేరు మీద నిలబడ్డ వందేళ్ళ పైబడ్డ చెట్లు ఇప్పటికీ కాస్తున్నాయి. వాటిని చూస్తే ద్రాక్ష తీగ అనిపించదు, మెలికలు తిరిగిన ముసలి రేగు మొద్దులా ఉంటాయి. పందిరి ఉండదు, తీగలు లాగిన కంబీలు ఉండవు, ఒక్కో చెట్టుకి ఒక్కో గుంజ, అది కూడా ఆ కొండ మీదే పెరిగే చెస్ట్‌నట్ కర్ర, దానికి ఆనించి కడతారు. అల్బెరెల్లో అంటారు ఈ పద్ధతిని, చిన్న చెట్టు అని అర్థం. హెక్టారుకి 8 వేలు, 9 వేల మొక్కలు కూడా పడతాయి, ట్రాక్టర్ పోదు, అంతా చేత్తోనే. వాలు మీద మట్టి జారకుండా నల్ల లావా రాళ్ళతో సున్నం సిమెంటు లేకుండా పేర్చిన గట్లు, ఒకదాని పైన ఒకటి. ఆ గట్టు ఒక్కటి కూలితే మళ్ళీ పేర్చగలిగిన మనుషులు ఇప్పుడు తక్కువైపోయారు, మీ బాటిల్ ధరలో సగం ఆ గట్లే అని నేను మా కస్టమర్లకి చెప్పేవాణ్ణి.

ఎత్తు వల్ల చలి కూడా ఉంది. సెప్టెంబర్‌లో పగలు చొక్కా తడిసేంత ఎండ కాస్తది, పొద్దుగూకగానే కొండ మీద నుంచి చల్లగాలి దిగుతది, స్వెట్టర్ లేకుండా బయట కూర్చోలేం. పగటి ఎండకి కాయ తీపి ఎక్కుతది, రాత్రి చలికి పులుపు కరిగిపోకుండా నిలబడతది. సిసిలీ కింద మైదానాల్లో ఆగస్టులోనే కోతలు మొదలైపోతే ఇక్కడ కర్రికాంతే అక్టోబర్ దాకా చెట్టునే ఉంటది. మీ నాలుక జివ్వుమనడానికి అసలు కారణం ఆ అక్టోబర్ రాత్రులు.

అక్కడివాళ్ళు ఎట్నాని ఎట్నా అనరు, కొండ అంటారు, అదీ ఆడమనిషిలా, 'ఆ ముంతాన్యా'. ఇంకో పేరు మొంజిబెద్దు, అందులో లాటిన్‌లో కొండ అనే మాటా అరబ్బీలో కొండ అనే మాటా రెండూ కలిసిపోయాయి, అంటే కొండకొండ అన్నట్టు. 1669లో లావా కటానియా ఊరిదాకా వచ్చింది. 1928లో మాస్కలి అనే ఊరిని మొత్తం కప్పేసింది, ఊరు ఇంకోచోట మళ్ళీ కట్టుకున్నారు, నెరెల్లో మాస్కలేసే ద్రాక్షకి ఆ ప్రాంతం పేరే. 1981లో రందాత్సో పక్కనుంచి పారి తోటల్ని మింగింది. 2021లో నెలల తరబడి పేలుతూనే ఉంది, బూడిద వాన, పొద్దున లేచి గుమ్మం ముందు నల్ల ఇసుక ఊడ్చుకోవడం, కటానియా ఎయిర్‌పోర్ట్ అప్పుడప్పుడూ మూసేయడం. కాయ మీద ఆ బూడిద పడితే గాజు పొడిలా తొక్కని గీరుతది, కడగాలి. ఇంత జరిగినా ఎవరూ కొండని తిట్టగా నేను వినలేదు. నేను పనిచేసిన వంటింట్లో పాత్రలు కడిగే పెద్దావిడ కిటికీలోంచి నిప్పు కనపడితే పని ఆపి చూసి, మళ్ళీ పనిలో పడేది, అంతే.

ఈ వైన్‌కి ఇప్పుడొచ్చిన పేరు ఎప్పట్నుంచో ఉన్నది కాదు. 1890ల్లో కొండ చుట్టూ చిన్న రైలు వేశారు, చిర్కుమెత్నేయా, ఇప్పటికీ నడుస్తది, ఆ రోజుల్లో అది పీపాలు మోసుకెళ్ళి రిపోస్తో రేవులో దించేది, అక్కడ్నుంచి ఓడల్లో ఉత్తరానికి పోయి వేరే ఊళ్ళ వైన్లలో బలం కోసం కలిసిపోయేది, దాని పేరు ఎవరికీ తెలీదు. తర్వాత పురుగు, యుద్ధాలు, జనం వలస, తోటలు బీడుపడ్డాయి. 1968లో డీఓసీ అనే గుర్తింపు వచ్చింది, అంటే ఎట్నా పేరు లేబుల్ మీద పెట్టాలంటే పాటించాల్సిన రూల్స్, సిసిలీలో మొదట్లోనే దక్కించుకున్నవాటిలో అదొకటి, మీలో ఊళ్ళోని బరోనే ది విల్లాగ్రాందే అనే పాత వైనరీ ఆ రూల్స్ వెనక ఉంది, వాళ్ళు 1727 నుంచి అక్కడే ఉన్నామని చెప్తారు. కానీ వైట్ వైన్‌కి నిజంగా ప్రాణం పోసింది 1988లో వియాగ్రాందే ఊళ్ళో మందుల వ్యాపారి జుసెప్పే బెనాంతి మొదలుపెట్టిన పనే అని నా నమ్మకం. ఆయనా, వైన్ చేసే సాల్వో ఫోతీ కలిసి మీలో పాత చెట్ల కర్రికాంతే ఒక్కదాన్నే తీసుకుని, ఓక్ పీపా వాసన అంటకుండా, మడ్డి మీద ఎక్కువకాలం ఉంచి పియెత్రా మరీనా అని చేశారు. అప్పట్లో సిసిలీ వైట్ అంటే చవగ్గా అప్పటికప్పుడు తాగేసేది, అలాంటిది పదేళ్ళు దాచుకోమని చెప్పే వైట్ చెయ్యడానికి చాలా గుండె ధైర్యం కావాలి. 2000 తర్వాత బయటివాళ్ళు, తెర్రే నెరే వైనరీ పెట్టిన మార్కో దె గ్రాత్సియా, పస్సోపిషారో వైనరీ పెట్టిన ఆంద్రెయా ఫ్రంకెత్తి, బెల్జియం నుంచి వచ్చిన ఫ్రాంక్ కొర్నేలిసెన్, వీళ్ళంతా ఉత్తరం వాలుకి వచ్చాక ప్రపంచం అటు తిరిగింది.

దాచుకుంటే ఏమవుతదో నేను చూశా కాబట్టి చెప్తున్నా. పనిలో చేరిన రెండో ఏడు, సెల్లార్ మూలలో మర్చిపోయిన మీలో వైట్ బాటిల్ ఒకటి దొరికింది, అప్పటికి పదకొండేళ్ళది, లేబుల్ బూజు పట్టింది, ఓనర్ పారెయ్యమన్నాడు. తీసి చూస్తే రంగు ఎండుగడ్డి లాగా పసుపు ఎక్కింది గానీ గోధుమ రంగు రాలేదు. గ్లాసులో వంచగానే మొదట కిరోసిన్ లాంటి వాసన, వెనకాలే తేనె, సోంపు, ఎండిన కమలా తొక్క, తాగితే ఆ పులుపు అక్కడే ఉంది, ఒక్క ఇంచు కూడా కదల్లేదు, కాకపోతే ఇప్పుడు గుచ్చట్లేదు, మొత్తం రుచిని లోపల్నుంచి పట్టుకుని నిలబెట్టింది. ఆ కిరోసిన్ వాసన కూడా దోషం కాదు, రీస్లింగ్ అనే జర్మన్ ద్రాక్షతో చేసిన పాత వైట్ వైన్లలో కూడా వస్తది. ఓనర్ ఇంకో గ్లాసు అడిగాడు. మిగతా వైట్ వైన్లు ఎక్కువశాతం మూడేళ్ళకి వాలిపోతే ఇది నిలబడింది ఆ పులుపు వల్లే.

సరే, మీ సగం బాటిల్. మీ తప్పు ఒక్కటే, మరీ చల్లగా తాగారు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీలుంటది, అంత చలిలో వాసనంతా ముడుచుకుపోయి పులుపూ ఉప్పూ మాత్రమే మిగుల్తాయి. 10 నుంచి 12 డిగ్రీల మధ్య బాగుంటది, ఫ్రిజ్‌లోంచి తీసి పదిహేను నిమిషాలు బయట పెట్టండి, హైదరాబాద్ ఎండాకాలమైతే పది చాలు. సన్నటి పొడుగు గ్లాసు కాదు, కొంచెం పొట్ట ఉన్న గ్లాసు తీసుకోండి. కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు పాడవదు, నా అనుభవంలో కర్రికాంతే మొదటి రోజు కంటే రెండో రోజే బాగుంటది, ఇవాళ మళ్ళీ ఒక గ్లాసు పోసుకుని చూడండి. నిజంగా పాడైన వైన్ ఎలా ఉంటదో కూడా తెలిసుండాలి, రంగు గోధుమగా మారడం, కోసి వదిలేసిన ఆపిల్ వాసన, వెనిగర్ లేదా నెయిల్ పాలిష్ వాసన, తడిసిన అట్టపెట్టె వాసన, ఇవేవీ మీరు చెప్పలేదు.

తిండి విషయంలో మనవాళ్ళు కారంతో పెడతారు, అక్కడే దెబ్బతింటది. కారం నోట్లో ఉంటే ఈ పులుపు మంటని ఇంకా రేపుతది. ఆంధ్రా చేపల పులుసు, గుంటూరు కోడి వేపుడు వద్దు. అదే కారం తగ్గించి మిరియం, కరివేపాకు, వెల్లుల్లి వేసి వేయించిన రొయ్యలు, పైన కొంచెం నిమ్మరసం, అద్భుతం. కొరమీను ముక్కలు ఉప్పూ పసుపూ పట్టించి నూనెలో వేయించుకోండి. అరటికాయ బజ్జీ నమ్మరు గానీ చాలా బాగుంటది, నూనె జిడ్డుని ఈ వైన్ కడిగేస్తది, కటానియాలో వేయించిన చిన్న చేపలతో వాళ్ళు చేసేదీ అదే. పులుపు వంటకి పులుపు వైన్ గొడవ పడదు, కాబట్టి మామిడికాయ పప్పు మిరపకాయలు తగ్గించి చేస్తే కూడా పోతది, నేను ఇంట్లో తిన్నా. స్వీట్లతో మాత్రం అస్సలు వద్దు, తీపి పక్కన పెడితే ఈ వైన్ నిజంగానే చక్కెర లేని నిమ్మకాయ నీళ్ళయిపోతది.

రెండో బాటిల్ ఏం చెయ్యాలో లేబుల్ చూసి తేల్చుకోండి. ఉత్త 'ఎట్నా బియాంకో' అని ఉండి రెండు మూడేళ్ళ కిందటిదైతే వచ్చే ఏడాదిలోపు తాగెయ్యండి. పక్కన 'సుపెరియోరే' అని ఉంటే అది మీలో ఊరి హద్దుల్లో పండినదే అయ్యుండాలి, కనీసం 80 శాతం కర్రికాంతే ఉండాలి, దాన్ని ఇప్పుడే ముట్టుకోకండి. 'కొంత్రాదా' అని ఏదైనా పేరుంటే అది తోట ఉన్న చోటు పేరు, మన దగ్గర పొలాలకి పేర్లున్నట్టే, కొండ మొత్తం మీద అలాంటివి 130కి పైగా గుర్తించారు, 2011 నుంచి లేబుల్ మీద రాసుకోనిస్తున్నారు, అలాంటివి కూడా నాలుగైదేళ్ళు ఆగితే బాగుపడతాయి. ఆగడం అంటే మన ఎండల్లో అల్మారాలో పెట్టడం కాదు. నేనొకసారి మే నెలలో ఊరికొస్తూ తెచ్చిన రెండు మంచి బాటిళ్ళు కారు డిక్కీలో ఒక్క మధ్యాహ్నం వదిలేస్తే కార్క్ పైకి పొడుచుకొచ్చి లోపల ఉడికిపోయింది, ఆ బాధ ఇంకా పోలేదు. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింద, కూరగాయల డబ్బాలో, పాత తువ్వాలు చుట్టి అడ్డంగా పడుకోబెట్టండి, రోజూ కదల్చకండి. ఏడాది రెండేళ్ళు దాటితే అక్కడ కూడా కష్టమే, కార్క్ ఎండిపోవచ్చు, చల్లటి సెల్లార్ ఉన్నవాళ్ళు తెలిస్తే వాళ్ళ దగ్గర పెట్టించండి.

లేబుల్ మీద ఏం రాసుందో, ఏ ఏడాదిదో ఇక్కడ రాస్తే ఎప్పుడు తెరవాలో చెప్తా. మీ బావ మళ్ళీ వస్తుంటే కూడా చెప్పండి, మనిషికి 2 లీటర్ల దాకా డ్యూటీ లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే మామూలు సైజు బాటిళ్ళు రెండు, రెండూ మీలోవే అడగండి.